సున్నా కొస

జూన్ 2

వస్తున్నాడు! మా వాడు ఇంటికి వచ్చేస్తున్నాడు!

ఉదయం పదకొండింటికి పోస్ట్‌మన్ కవరు ఇచ్చి వెళ్ళాడు. కవరు మీద జైలు ముద్ర ఉంది. కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను, చూస్తే నెత్తిమీదే ఉంది! ఒకసారి చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. జైళ్ళు పట్టనంతగా నిండిపోయాయట. నలుగురుండే గదిలో పదిమంది పడుకుంటున్నారట. అందుకని ఏడేళ్ళలోపు శిక్ష పడి, అందులో మూడింట రెండు వంతులు పూర్తిచేసినవాళ్ళని ముందుగానే వదిలేస్తున్నారట. మా వాడిది ఆరేళ్ళు. నాలుగేళ్ళ ఎనిమిది నెలలు అయిపోయాయి. జూలై ఒకటో తారీకు విడుదల. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు!

పెద్ద సెక్షన్ పడి ఉంటే పన్నెండేళ్ళు, మీ సాక్ష్యం పుణ్యమా అని చిన్నదానితో బయటపడ్డాం పెద్దాయనా అని వకీలు ఆనాడే నా భుజం తట్టాడు. ఆ మాట ఇవాళ మళ్ళీ చెవుల్లో మోగింది. నేను బోనెక్కి చెప్పిన నాలుగు ముక్కలు వృథా పోలేదు.

మా ఆవిడకి గట్టిగా చదివి వినిపించాను. బట్టలు మడతపెడుతోంది. అలాగా అంది. దిండు గలీబు మూలలు సరిచేసి, తారీకు ఎప్పుడన్నారు అంది. ఒకటి అన్నాను. సరే అంది. అంతే. దాని సంతోషం ఎప్పుడూ లోలోపలే ఉంటుంది.

నాది అలా కాదు, ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే గుండె పగిలేలా ఉంది. డైరీ కొనే అలవాటు లేదు. ట్రంకుపెట్టెలో కొలతలు రాసుకునే పాత ఫీల్డ్ బుక్ ఒకటి దొరికింది, ఒక్క పేజీ కూడా వాడనిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మునిసిపాలిటీ సర్వే సెక్షన్లో చైన్‌మన్‌గా చేశాను. గొప్ప ఉద్యోగమేం కాదు, సర్వేయరు కొలుస్తుంటే టేపు సున్నా కొస పట్టుకోవడమే. నాకు చేతిరాత కుదిరింది కూడా ఇలాంటి బుక్కుల్లోనే. దూరం, వివరం, మధ్యలో అడ్డు, సున్నా కొస పట్టినవారు. పేజీకి నాలుగు గడులు. ఒకటే రూలు: రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, తప్పు కింద కనబడుతూనే ఉండాలి, సరైనది పైన రాయాలి.

ఎవరికి చెబుతున్నానో ఇదంతా! ఆనందం పట్టలేక చేతికొచ్చింది రాస్తున్నాను.

జూన్ 4

పైగది దులిపాను. డెబ్బై ఒకటో ఏట నిచ్చెనెక్కాను! మా వాడు లెక్కల ట్యూషన్ చెప్పిన గది. బ్లాక్‌బోర్డు తుడిచి, బెంచీలు ఎండలో పెట్టి, ఫ్యాను రెక్కలు కడిగాను.

సాయంత్రం అయిదయ్యేసరికి ఈ ఇల్లు పిచ్చుకల గూడులా ఉండేది. మెట్ల కింద చెక్క స్టాండు నిండా చెప్పులు. నా కుర్చీ దానికి ఎదురుగా. తాతయ్యా, మా చెప్పులు జాగ్రత్త అనేవాళ్ళు పిల్లలు. మీ చెప్పులు ఎత్తుకుపోయి నేనేం చేసుకోను, నా కాలివేలు కూడా పట్టదు వాటిలో అనేవాణ్ణి. నవ్వుకుంటూ మెట్లెక్కేవాళ్ళు. ఆ కేసు రాకపోయుంటే మా వాడు ఈపాటికి సొంతంగా ఒక స్కూలే పెట్టేవాడు.

స్టాండు ఖాళీగా ఉంది. పూలకుండీలు పెడదామా అని మా ఆవిణ్ణి అడిగాను. మీ ఇష్టం అంది. పైకొచ్చి గది ఒకసారి చూడమన్నాను. మోకాళ్ళండీ అంది. ఐదేళ్ళుగా అవే మోకాళ్ళు. మార్కెట్‌కి మాత్రం నాకంటే ముందు నడుస్తుంది!

జూన్ 6

పైగదికి లేత నీలం వేయించాను. వాడికి ఇష్టమైన రంగు. నా చేతికి అంటిన మరక కడగబుద్ధి కాలేదు.

జూన్ 9

ఎదురింటి కండక్టరు పేపరు పట్టుకొచ్చాడు. బస్సు దిగి పదేళ్ళయినా గొంతులో ఈల ఇంకా ఉంది. చదివావా అన్నాడు. నువ్వే చదువు అన్నాను. చదివాడు.

లైంగిక నేరాల్లో శిక్ష పడి ముందస్తుగా విడుదలవుతున్నవారు మన మునిసిపాలిటీ పరిధికి పదకొండు మంది వస్తున్నారట. జనం ఫోన్లు చేసి ఆఫీసు కూలగొట్టినంత పని చేశారట. అత్యవసర తీర్మానం పెడుతున్నారు. స్కూలుకి, పార్కుకి, లైబ్రరీకి మూడు వందల మీటర్ల లోపల వాళ్ళెవరూ నివసించకూడదు. ఇరవై ఒకటిన కౌన్సిల్ మీటింగు.

మొదటి రెండు మాటలు చదువుతున్నప్పుడు కండక్టరు గొంతు తగ్గించాడు. ఆ మాటలు మా వాడికి అతకవు. మా వాడిది కేసు. ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్ల ఏదో చెప్పింది, పోలీసులు ఇంకేదో రాసుకున్నారు. కోర్టు ఏదో ఒకటి తేల్చాలి కాబట్టి తేల్చింది. 

ఇదంతా మన వార్డు కౌన్సిలరు పనే అన్నాడు కండక్టరు. మైకు దొరికితే వదలడని ఆయన్ని అందరూ మైకు అనే పిలుస్తారు. మీవాడి సంగతి చూసుకో, మీ వీధి చివర్నే స్కూలుంది కదా అన్నాడు.

మొదట భయమేసింది. తర్వాత నవ్వొచ్చింది. దూరం గురించి నన్నే భయపెడుతున్నారా! ఈ ఊళ్ళో నా టేపు పడని వీధి ఉందా?

జూన్ 10, సాయంత్రం

ముప్ఫై మీటర్ల స్టీలు టేపు. రిటైరైన రోజున సెక్షన్ వాళ్ళు ఇచ్చారు. నూనె గుడ్డతో తుడిస్తే కొత్తదానిలా మెరిసింది.

నాలుగింటికి స్కూలు గోడ దగ్గరికి వెళ్ళాను. మా వీధి గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది, వంకర లేదు, కొలవడం పండగే. కానీ సున్నా కొస పట్టడానికి మనిషి కావాలి. జీవితమంతా నేనే ఆ మనిషిని, నాకు మనిషి కావలసి రావడం ఇదే మొదటిసారి! ఒక అమ్మాయి వెళుతోంది. పొట్టి జుట్టు, కళ్ళజోడు, భుజానికి సంచి, ఏ ఆఫీసులోనో పనిచేసే పిల్లలా ఉంది. అమ్మా, కాస్త ఈ కొస గోడకి ఆనించి పట్టుకుంటావా తల్లీ అన్నాను. నా మొహంకేసి చూసింది. చాలాసేపు చూసింది. సంచి వీపు మీదికి తోసుకుని కింద కూర్చుని పట్టుకుంది.

ముప్ఫై మీటర్లకి ఒక సుద్దగీత. రా అమ్మా అంటే లేచి వచ్చి గీత మీద కొస పెట్టేది. మళ్ళీ ముప్ఫై. మళ్ళీ గీత. ఒక్కసారి కూడా కొస జారనివ్వలేదు, విసుక్కోలేదు, టైమైపోతోంది అనలేదు. పదో గీత దగ్గర మాత్రం, ఎవరింటికి కొలుస్తున్నారు తాతయ్యా అని అడిగింది. ట్యూషన్ పిల్లలు పిలిచినట్టే తాతయ్యా అంది! ప్రాణం లేచొచ్చింది. మా ఇంటికే తల్లీ, అదిగో ఆ పచ్చ గేటు, మా అబ్బాయి వస్తున్నాడు, వాడికి ఈ రూలు అడ్డమో కాదో చూస్తున్నాను అని అంతా చెప్పేశాను.  పదకొండోసారి కూడా కూర్చుని పట్టుకుంది.

నాలుగు మీటర్లు! మూడు వందల నాలుగు! గేటు దగ్గర్నుంచే మా ఆవిడకి కేకేశాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మాయి లేదు. టేపు కొస మాత్రం సుద్దగీత మీదే ఉంది, జరక్కుండా ఒక రాయి పెట్టి వెళ్ళింది. ఎంత పనితనం! ఎవరి బిడ్డో కానీ, కన్నవాళ్ళు చల్లగా ఉండాలి.

దూరం: 304.00
వివరం: స్కూలు గోడ నుంచి మా గేటు
మధ్యలో అడ్డు: ఏమీ లేదు
సున్నా కొస పట్టినవారు: దారిన పోయే అమ్మాయి

జూన్ 11

304. కళ్ళు తెరవగానే మొదట ఇదే గుర్తొచ్చింది.

జూన్ 14

సర్వేయరు వచ్చాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా చేతిలో పడ్డవాడే. టేపు బిగువుగా ఎలా లాగాలో నేనే నేర్పాను. ఏం బాబాయ్, ఇంకా గట్టిగానే ఉన్నావే అన్నాడు. నువ్వే లావయ్యావు, నిన్ను కొలవాలంటే రెండు టేపులు కావాలి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆవిడ టీ ఇచ్చింది.

తీర్మానం పాసైతే కొలతలన్నీ అతనే తీయాలట. నా 304 చూపించాను. మెచ్చుకున్నాడు. కానీ బాబాయ్, కొలిచేది గోడ నుంచి కాదు, రిజిస్టరులో ఉన్న స్కూలు హద్దు నుంచి అన్నాడు. పాత మ్యాపులో స్కూలు స్థలం గోడకి ఇవతల కూడా కొంత ఉన్నట్టుందట. మూల హద్దురాయి మాత్రం దొరకడం లేదట. నువ్వున్న రోజుల్లోనే పాతారు కదా, ఎక్కడుందో గుర్తుందా అన్నాడు.

గుర్తుంది. ఆ రాయిని ఎత్తి గుంటలో దించినవాళ్ళలో నేనొకణ్ణి. బస్ షెల్టర్ వెనక కాలువ పక్కన, రెండడుగుల లోతున ఉంటుంది. గోడకి ఆరు మీటర్లు ఇవతల.

304లో ఆరు పోతే 298.

గుర్తులేదు నాయనా, వయసైపోయింది అన్నాను.

సర్లే, రాయి దొరక్కపోతే గోడే హద్దు అనుకుని రాసేస్తాను అన్నాడు. గేటు దాకా సాగనంపాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కొలత విషయంలో అబద్ధం చెప్పలేదు. కన్నకొడుకు కోసం ఆరు మీటర్లు మర్చిపోతే ఎవరి కొంప మునుగుతుంది?

జూన్ 17

వాడి ఫోను! పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. నేను ఏడుస్తుంటే, ఊరుకోండి నాన్నా అన్నాడు. పైగది సిద్ధమేనా అన్నాడు. నీలం రంగు సంగతి చెప్పలేదు, చూసి మురిసిపోవాలి. మెల్లగా మళ్ళీ ట్యూషన్లు మొదలుపెడతానన్నాడు, ఊరు రెండు నెలల్లో అన్నీ మర్చిపోతుందన్నాడు. ఎవరైనా అడిగితే కోర్టులో చెప్పినట్టే చెప్పండి అన్నాడు.

చివర్లో, మీరు కింద కుర్చీలో ఉన్నారంటే నాకు ధైర్యం నాన్నా అన్నాడు.

ఫోను పెట్టేశాక కూడా ఆ మాటే చెప్పుకుని పొంగిపోయాను. మా ఆవిడకి చెప్పాను. అది చేస్తున్న పని ఆపి, ఇంకోసారి చెప్పండి అంది. చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 21, సాయంత్రం ఆరు

అన్నీ రాస్తాను. వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. గోడకి ఊరి మ్యాపు పెట్టారు. స్కూళ్ళ చుట్టూ, పార్కుల చుట్టూ, లైబ్రరీల చుట్టూ ఎర్ర సున్నాలు. మైకుకి మైకు దొరికింది. పక్క ఊరివాళ్ళు ఐదొందలు పెట్టారు, మనం మూడొందలేనా, మనకి పిల్లలంటే ప్రేమ తక్కువా అని అరిచాడు. చప్పట్లు. ప్లానింగ్ ఆయన లేచి, ఐదొందలు పెడితే ఊళ్ళో ఖాళీ మిగిలేది చెత్త యార్డు, చెరువు, రెండే అన్నాడు. చెరువులో నివాసం కుదరదు అన్నాడు కమిషనరు, చాలా సీరియస్‌గా. పడవలివ్వండి సార్ అని వెనకనుంచి కండక్టరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎవరో ఒకావిడ, వీళ్ళమీద కన్నేసి ఉంచేదెవరు అని అడిగింది. ఇన్‌స్పెక్టరు, వారానికోసారి వచ్చి సంతకం పెట్టి వెళతారు, నాకున్నది ఇద్దరు కానిస్టేబుళ్ళు అన్నాడు. కౌన్సెలింగ్ ఆఫీసరు ఉండాలి కదా అంది. ఆ పోస్టు రెండేళ్ళుగా ఖాళీ అన్నారు. సరే, మళ్ళీ మూడొందలా ఐదొందలా అన్న దగ్గరికే వచ్చారు.

అప్పుడు నేను లేచాను. ఫీల్డ్ బుక్ ఎత్తి పట్టుకున్నాను. అయ్యా, ఈ మునిసిపాలిటీ ఉప్పు తిన్నవాణ్ణి, మూడొందలే ఉంచండి, మా ఇల్లు మూడొందల నాలుగు, నా చేత్తో కొలిచాను, తప్పయితే నా చెయ్యి నరకండి అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్క కుర్చీలో ఆవిడ తన పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. పొట్టి జుట్టు, కళ్ళజోడు. అరే, మన పిల్ల అని నాకు సంతోషమేసింది, సాక్ష్యం చెప్పడానికి వచ్చింది అనుకున్నాను! అప్పుడు ఆమె పక్కన కూర్చున్న మనిషి కనబడ్డాడు. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని. టైలరు. నా ఖాకీ యూనిఫారాలన్నీ కుట్టినవాడు. మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు.

టైలరు కూతురు. మా వాడి కేసులో పిల్ల.

ఆయన చెప్పిన కొలత కరెక్టే అంది. పదకొండు సార్లు ఆ టేపు పట్టుకున్నది నేనే అంది. స్కూలు గోడ దగ్గరే ఆయన్ని గుర్తుపట్టాను, ఆయన నన్ను గుర్తుపట్టలేదు, ఎంత వస్తుందో నాకూ తెలుసుకోవాలనిపించింది, అందుకే పట్టుకున్నాను అంది. అతను వస్తున్నాడని మాకు ఎవరూ చెప్పలేదు, పేపర్లో చూశాం అంది. ఇప్పుడు మా ఇంటికి ఎంతో కూడా చెప్పండి అంది.

 క్లర్కు కాగితాలు తిరగేశాడు. జాబితాలో స్కూళ్ళు, పార్కులు, లైబ్రరీలు ఉన్నాయమ్మా, ఇళ్ళు లేవు అన్నాడు. ఛైర్‌పర్సన్ మేడమ్ మంచిగానే, అర్జీ పెట్టుకో తల్లీ, పరిశీలిస్తాం అంది. 

మూడొందలు పాసైంది. గోడ నుంచి కొలిస్తే మా ఇల్లు బయటే. నేను గెలిచాను.

తండ్రీకూతుళ్ళు వెళ్ళిపోతున్నారు. నా పక్కనుంచే దారి. ఆ అమ్మాయి ఆగింది. తాతయ్యా, ఆ రోజు చెప్పులు అందించారు, థాంక్స్ చెప్పలేదు అంది. ఎగతాళి లేదు, కోపం లేదు. చెప్పి వెళ్ళిపోయింది. టైలరు నన్ను చూడలేదు.

ఇంటికొచ్చి పదో తారీకు పేజీ తీశాను. దారిన పోయే అమ్మాయి అన్న మాట మీద గీత కొట్టాను. పైన ఏం రాయాలో తెలియలేదు.

జూన్ 22

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 23

ఉంది.

ఆ రోజు మిగతా పిల్లలు ముందే వెళ్ళిపోయారు. పరీక్షలో తప్పిన లెక్కలు చేయించాలని ఆ పిల్ల ఒక్కదాన్నే ఉంచాడు. నేను కుర్చీలో ఉన్నాను. రేడియో పెట్టుకున్నాను. నాన్నా, పాట బాగుంది, కాస్త పెంచండి అని పైనుంచి అరిచాడు. పెంచాను. మా వాడికి పాటలంటే ఇష్టం అనుకున్నాను. పాట అయిపోయి వార్తలు వచ్చాయి. తగ్గించమని వాడు అనలేదు, నేనూ తగ్గించలేదు.

తర్వాత ఆ పిల్ల దిగింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మెట్టూ తడుముకుంటూ. పుస్తకాల సంచి జిప్పు తెరిచే ఉంది. చివరి మెట్టు మీద నిలబడి నన్ను చూసింది. నేనూ చూశాను. ఏదో అడుగుతున్నట్టు చూసింది. వాడు తిట్టి ఉంటాడు, మార్కులు తగ్గాయేమో అనుకున్నాను. అనుకున్నానా? అనుకోవాలని అనుకున్నాను. చెప్పులు వేసుకోకుండానే గేటు దాటి పరుగెత్తింది. నేను స్టాండు మీంచి ఆ జత తీసుకుని వెంటపడి, ఏమ్మా, ఇవి నాకు పట్టవని చెప్పాను కదా అని నవ్వుతూ గేటు మీంచి అందించాను. తీసుకుంది. చేతులు వణుకుతున్నాయి. చేతులు వణకడం కూడా చూశాను.

కోర్టులో ఆ పిల్ల ఇదే చెప్పింది. ఏడుస్తూ దిగాను, తాతయ్య చెప్పులు అందించాడు అని. నన్ను అడిగారు. చూడలేదండీ, కునుకు పట్టింది అన్నాను. జడ్జి నా తెల్లజుట్టు చూసి నమ్మాడు. ఇలాంటి చిన్న విషయంలోనే నిజం లేనప్పుడు మిగతాది ఎంతవరకు నమ్మాలి అని వకీలు గట్టిగా వాదించాడు. పెద్ద సెక్షన్ కొట్టేశారు.

మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి స్టాండు పక్కన నేలమీద కూర్చుంది. ఆ సాయంత్రం మీరు నవ్వుకుంటూ చెప్పారు, ఒక పిల్ల చెప్పులు మర్చిపోయి పరుగెత్తిందే అని, కోర్టులో ఎందుకు చెప్పలేదు అంది. ఇన్నేళ్ళూ ఎందుకడగలేదు అన్నాను. అడిగితే మీరు నిజం చెబుతారేమోనని అంది.

మోకాళ్ళు కాదన్నమాట.

జూన్ 25

గునపం తీసుకుని సర్వేయరు ఆఫీసుకి వెళ్ళాను. రాయి గుర్తొచ్చింది, పద అన్నాను. బస్ షెల్టర్ వెనక తవ్వించాను. రెండడుగుల లోతున తగిలింది. మట్టి తుడిస్తే పైన చెక్కిన బాణం గుర్తు అలాగే ఉంది. అతను టేపు వేశాడు. సున్నా కొస నేను పట్టాను.

298.

బాబాయ్, మీ ఇల్లే పోతుంది కదా, రాయి కనబడలేదని రాసేస్తాను, కప్పేద్దాం అన్నాడు. నాకు మంచి చేద్దామనే అన్నాడు. వద్దు, ఉన్నది ఉన్నట్టు రాసెయ్ అన్నాను. రాశాడు. ఇంటికి నడుస్తుంటే కాస్త తేలిక అనిపించింది. సిగ్గు లేకుండా, నేనేదో దిద్దుకున్నాను అనుకున్నాను.

జూన్ 28

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చిందట. ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పే అధికారం మునిసిపాలిటీకి లేదు, తీర్మానం చెల్లదు అని. ఎర్ర సున్నాల మ్యాపు గోడమీంచి తీసేశారు. మైకు దీక్షకి కూర్చుంటానని ప్రకటించాడు. నీ అదృష్టం బాగుందయ్యా అన్నాడు కండక్టరు, కానీ గేటు లోపలికి రాలేదు.

304 లేదు, 298 లేదు. మా వాణ్ణి ఆపే గీత ఊళ్ళో ఎక్కడా లేదు. నేను తవ్వి తీసిన రాయి ఉత్త రాయి.

జూన్ 29

వకీలు దగ్గరికి వెళ్ళాను. బోనులో చెప్పిన ఒక మాట కొట్టేసి పైన సరైనది రాయాలి అన్నాను. మతి పోయిందా పెద్దాయనా అన్నాడు. అయిపోయిన కేసు, ఇప్పుడు తవ్వితే మీ అబ్బాయికి ఒరిగేది లేదు, మీరే అబద్ధపు సాక్ష్యం కింద లోపలికి పోతారు అన్నాడు. జైళ్ళు నిండిపోయాయనే కదా వాణ్ణి వదులుతున్నారు, నన్నెక్కడ పెడతారు అన్నాను. ఆయన నవ్వలేదు.

అసలు ఆ రోజు ఆ మాట చెప్పి ఉంటే ఏమయ్యేది అని అడిగాను. పన్నెండేళ్ళు అన్నాడు. ఈ విడుదల జాబితాలోకి మీవాడి పేరే వచ్చేది కాదు అన్నాడు.

అంటే ఆ కవరు పంపింది జైలు వాళ్ళు కాదు. నేనే పంపుకున్నాను. అందుకుని, ముద్దు పెట్టుకుని, గోడలకి నీలం రంగు వేయించాను.

వకీలు రాయనంటే నేనే రాశాను. రెండు పేజీలు, ఒకటి కోర్టుకి, ఒకటి టైలరుకి. పోస్టు డబ్బాలో వేసి చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాను.

జూన్ 30

వాడు ఫోను చేశాడు. రేపు ఎన్నింటికి వస్తారు నాన్నా అన్నాడు. వాడి గొంతు వింటే ఇప్పటికీ ప్రాణం ఉప్పొంగుతుంది, దీన్నేం చేసుకోను? చిన్నప్పుడు నా జేబు టేపుతోనే ఆడుకునేవాడు, లాగి వదిలితే సర్రున లోపలికి పోతుందని కిలకిలా నవ్వేవాడు.

రావడం లేదు నాన్నా అన్నాను. పైగదికి తాళం వేసి మీ అమ్మకిచ్చాను అన్నాను. ఇక కింద నేనుండను అన్నాను.  ఎవరేం చెప్పారు నాన్నా మీకు అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనే చూశాను అన్నాను.

టైము అయిపోయిందో, వాడే పెట్టేశాడో తెలియదు. రేపు వాడు ఎక్కడికి వెళతాడో నాకు తెలియదు. ఊరికి తెలియదు. టైలరు కూతురికి తెలియదు. 

జూలై 1, ఉదయం ఆరు

దూరం: 3.60
వివరం: నా కుర్చీ నుంచి చివరి మెట్టు
మధ్యలో అడ్డు: ఏమీ లేదు
సున్నా కొస పట్టినవారు: మా ఆవిడ